తారీఖ్ మరచిపోయే కంప్యూటర్

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి కంపెనీ సెలవు చెప్పేసింది. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు నన్ను అడిగే సవాల్ ఒకటే. "భాయ్, ఇంట్లో పాత సిస్టమ్ మూలన పడి ఉంది. కబాడీ బండికి వేసేద్దామా?" నేను కంప్యూటర్ మెకానిక్‌ను కాను, అఖ్బార్‌వాలాని. అయినా నన్నే అడుగుతున్నారంటే వజహ్ ఉంది. నా గదిలో ఇప్పటికీ ఒక పెంటియం 4 నడుస్తోంది. 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. నా దగ్గరికి రాకముందే ఇద్దరి చేతులు మారింది. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

నా జవాబు కూడా ఒకటే. వేసేయండి, కానీ ముందు దాని పేట్‌లో ఏముందో, ఏ జబాన్‌లో ఉందో, ఏ సాఫ్ట్‌వేర్‌తో రాశారో చూసి వేయండి. ఫోటోలు, ఇంగ్లీషు ఉత్తరాలు అయితే పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుంటే సరిపోతుంది. ఇరవై ఏళ్ళ కిందట డీటీపీ షాపులో కొట్టించిన ఉర్దూ గానీ, తెలుగు గానీ ఉంటే మాత్రం సంగతి వేరు. ఆ సంగతి అర్థం కావాలంటే మన కర్నూలు, కడప వైపు ఉర్దూ కంప్యూటర్‌లోకి ఎట్లా వచ్చిందో కొంచెం తారీఖ్ చెప్పుకోవాలి.

కంప్యూటర్‌కు ముందు కాతిబ్ ఉండేవాడు. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో నా చేతికొచ్చిన పుస్తకాలన్నీ ఎవరో కాతిబ్ వెదురు ఖలంతో రాసినవే. పదో తరగతి లెక్కల పుస్తకంలో కూడా ఆ చేయి కనపడేది. ఒక పేజీలో హర్ఫులు విశాలంగా, తర్వాతి పేజీలో ఇరుకుగా ఉంటే, కాతిబ్‌కు ఆ రోజు జాగా సరిపోలేదని మాకు తెలిసిపోయేది. లిథో జమానాలో మసాలా పూసిన పసుపు కాగితం మీద రాసి, దాన్ని రాతి మీదికి దించి అచ్చు వేసేవాళ్ళు. ఆఫ్‌సెట్ వచ్చాక బటర్ పేపర్ మీద రాయడం మొదలైంది. పద్ధతి మారింది గానీ చేయి మారలేదు.

తెలుగుకు సీసపు అక్షరాలు ఎప్పుడో వచ్చాయి కదా, ఉర్దూకు ఎందుకు రాలేదు? నస్తాలీఖ్ ఖత్ స్వభావమే అట్లాంటిది. లఫ్జ్ కుడివైపు పైనుంచి మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. 'బే' అనే ఒక్క హర్ఫ్ పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకుని తన షకల్ మార్చుకుంటుంది. పెళ్ళి పందిట్లో మన బంధువులు కూడా అంతే కదా, పక్కన ఎవరున్నారో చూసే మాట మార్చుతారు. ఇన్ని షకల్‌లకు సీసం పోయడం ఎవరి వల్లా కాలేదు. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీవాళ్ళు ప్రయత్నించారు. నిజాం హైదరాబాద్‌లోనూ కోషిష్ జరిగింది, నిలబడలేదు. నస్ఖ్ ఖత్‌లో టైపు ఉండేది, కానీ మన పెద్దలకు అది కంటికి ఆనేది కాదు. ఉర్దూ అంటే నస్తాలీఖే.

మద్రాసు ట్రిప్లికేన్ నుంచి 1927లో మొదలైన 'ది ముసల్మాన్' రోజువారీ పత్రిక కంప్యూటర్ జమానాలో కూడా కాతిబ్‌ల చేతిరాతతోనే వస్తూ లోకమంతా పేరు తెచ్చుకుంది. దాని మీద ఎవరైనా డాక్యుమెంటరీ తీస్తే మనం గర్వంగా షేర్ చేస్తాం. ఒకప్పుడు అన్ని ఉర్దూ అఖ్బార్లూ అట్లాంటివేనన్నది మరచిపోతాం.

ఈ గోడను పగలగొట్టింది కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్. ఆయన ఖత్తాత్ కూడా, ప్రింటింగ్ తెలిసినవాడు కూడా. హర్ఫ్‌లను ఒక్కొక్కటిగా కలపడం మాని, జోడింపులనే పూర్తిగా రాసి మెషీన్‌కు ఇచ్చేస్తే ఎట్లా ఉంటుంది అన్నది ఆయన ఖయాల్. ఇంగ్లండ్‌లోని మోనోటైప్ కంపెనీతో కలిసి దాదాపు 20,000 జోడింపులు తయారుచేశారు. తన అబ్బా నూర్ అహ్మద్ పేరు మీద ఆ ఖత్‌కు నూరీ నస్తాలీఖ్ అని పేరు పెట్టారు. 1981లో లాహోర్ నుంచి 'జంగ్' పత్రిక ఆ ఖత్‌లో అచ్చయి వచ్చింది. అయితే ఆ మెషీన్ పెద్ద పత్రికలు కొనగలిగేది. మన గల్లీకి రావడానికి ఇంకా పదేళ్ళు దాటింది.

గల్లీకి తెచ్చింది ఇన్‌పేజ్. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో దాన్ని తెచ్చింది. నూరీ నస్తాలీఖ్‌నే లైసెన్స్ తీసుకుని మామూలు విండోస్ కంప్యూటర్ మీద ఆడించారు. అప్పటి ఫాంటు ఫైల్‌లో 256 కంటే ఎక్కువ గుర్తులకు జాగా లేదు. 20,000 జోడింపులను 256 చొప్పున పంచితే ఎన్ని ఫైళ్ళు కావాలో మీరే హిసాబ్ వేసుకోండి. అందుకే పాత ఇన్‌పేజ్ ఫోల్డర్ తెరిస్తే నూరీ పేరుతో ఫాంటు ఫైళ్ళు బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో ఒకటి చెడిపోతే పేజీలో అక్కడక్కడా కొన్ని లఫ్జులే మాయమవుతాయి. "భూత్ పట్టింది" అనేవాళ్ళు మా వైపు ఆపరేటర్లు.

అదే రోజుల్లో తెలుగు కూడా ఇట్లాంటి చాలాకీతోనే నడిచింది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు వేసి కొట్టేవాళ్ళు. తెర మీద కనపడేది తెలుగు, లోపల దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాల నంబర్లు. తలకట్టు ఒక నంబరు, దీర్ఘం ఒక నంబరు, వత్తు ఇంకో నంబరు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు, అరబీ లిపికి సొంత నంబర్లు ఇచ్చేసింది గానీ, విండోస్ 98 మీద పనిచేసే మన డీటీపీ షాపుకు ఆ కబురు అందలేదు. నేను డిగ్రీలో తెలుగు తీసుకుని, తర్వాత అఖ్బార్‌లో చేరినప్పుడు డెస్క్ మీద నేర్చుకున్నది కూడా అను కీబోర్డే. యూనికోడ్ చాలా ఆలస్యంగా నా వేళ్ళకు వచ్చింది.

ఇక మన సీమలో ముస్లిం శాదీ రుక్కా సంగతి తీసుకోండి. ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు. దుల్హన్ తరపు పెద్దలకు ఉర్దూ, అబ్బాయి ఆఫీసు దోస్తులకు తెలుగు. ఒకే కార్డు మీద రెండూ ఎట్లా? ఇన్‌పేజ్‌లో ఉర్దూ కొట్టి, దాన్ని బొమ్మగా మార్చి, పేజ్‌మేకర్‌లో తెలుగు పక్కన అతికించేవాళ్ళు. అంటే పేజ్‌మేకర్ ఫైల్‌లో ఉర్దూ హర్ఫ్ ఉండదు, దాని తస్వీర్ మాత్రమే ఉంటుంది. ఆ తస్వీర్ వేరే ఫోల్డర్‌లో ఉండిపోతే, పదేళ్ళ తర్వాత కార్డు తెరిచినప్పుడు తెలుగు సగం ఉంటుంది, ఉర్దూ సగం ఖాళీ డబ్బా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కూడా మన ఖాందాన్‌ల మాదిరే రెండు జబాన్‌లను పక్కపక్కన కూర్చోబెట్టింది గానీ, పూర్తిగా కలపలేదు.

ఈ కంప్యూటర్లు కర్నూలుకు ఎక్కడి నుంచి వచ్చాయి? కొత్తవి కొన్నవాళ్ళు తక్కువ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, సీటీసీ అంటారు. బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు. ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలేసిన సీపీయూలు, మానిటర్లు అక్కడికి చేరేవి. మనవాళ్ళు రాత్రి బస్సెక్కి పొద్దునకు సికింద్రాబాద్ చేరి, సాయంత్రానికి దుప్పట్లో చుట్టిన మానిటర్‌ను ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళు. డిక్కీలో వేస్తే పిక్చర్ ట్యూబ్ పగులుతుందని ఖౌఫ్. జాతీయ ఉర్దూ కౌన్సిల్ దేశమంతా కంప్యూటర్, బహుభాషా డీటీపీ కోర్సు సెంటర్లు పెట్టించడం, మన ఉర్దూ అకాడమీ కూడా ట్రైనింగ్ సెంటర్లు నడపడం ఇంకో మేలు చేసింది. బురఖాలో వచ్చి ఇన్‌పేజ్ నేర్చుకున్న ఆడపిల్లలు కొందరు ఇంటికే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ తెప్పించుకుని రుక్కాలు, మదరసా పోస్టర్లు కొట్టి ఇల్లు నడిపారు. ఉర్దూ మీడియం చదువుతో ఏమొస్తుంది అని అడిగేవాళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పరు.

నా పెంటియం 4 కూడా ఆ దారిలోనే వచ్చింది. మొదట బెంగళూరులో ఏదో ఆఫీసులో పనిచేసింది. 2005లో మా పాతబస్తీలో ఒక చిచ్చా కొనుక్కున్నాడు. ఆయన అసలు కాతిబ్. యాభై దాటాక చేయి వణకడం మొదలై ఖలం వదిలి కీబోర్డు పట్టాడు. "హాత్ కాంప్‌తా రే బేటా, మషీన్ నై కాంప్‌తీ" అనేవాడు. కాతిబ్‌లంతా కంప్యూటర్‌ను తిట్టుకున్నారని రాయడం మన అఖ్బార్లలో ఒక రివాజ్. చిచ్చా ఎప్పుడూ తిట్టలేదు. ఇన్‌పేజ్‌లో జబర్, జేర్, పేష్ ఎక్కడ పడ్డా వెతికి సరిచేసేవాడు, అంతే. రుక్కాలు, ముషాయిరా పోస్టర్లు, మస్జిద్ కమిటీ చందా హిసాబ్‌లు, ఇంతెఖాల్ కబుర్లు, జల్సా దావత్‌నామాలు అన్నీ ఆ డబ్బాలోనే ఉండేవి.

2009 అక్టోబర్ 2 రాత్రి తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చాయి. రంజాన్ ఈద్ అయి రెండు వారాలు కూడా కాలేదు. పాతబస్తీలో మొదటి అంతస్తు దాకా నీళ్ళు. నీళ్ళు దిగాక వీధుల్లో బురద, బురదలో బియ్యం, కితాబులు, రిజిస్టర్లు. నేను రిపోర్టింగ్‌కు తిరుగుతుంటే ఒక ఇంటి ముందు తడిసిన కాగితాలు ఎండకు ఆరబెట్టి ఉన్నాయి, సియాహి మొత్తం కారిపోయి నీలం మరకలు మాత్రమే మిగిలాయి. కాగితానికి ఉన్న హిఫాజత్ ఆ పాటిది. చిచ్చా షాపు పూర్తిగా మునిగింది. మానిటర్, ప్రింటర్, కాగితాల కట్టలు అన్నీ పోయాయి. సీపీయూ మాత్రం బచాయించింది, ఎందుకంటే వారం ముందు అది కాలిపోయిన పవర్ సప్లయ్‌తో రిపేరు షాపుకు వెళ్ళి, మేడ మీద గదిలో కూర్చుని ఉంది. ఖరాబ్ అయినందుకే బతికింది.

చిచ్చా మళ్ళీ మూడేళ్ళు దానితోనే పనిచేసి, చూపు తగ్గాక 2012లో నాకు అమ్మాడు. 1,500 రూపాయలు ఇచ్చాను. "డబ్బా నీది, అందులో ఉన్నది అమానత్" అని ఒకే మాట అన్నాడు.

అప్పటి నుంచి దాని మరమ్మత్ నా జిమ్మా. సీమలో కంప్యూటర్‌కు మొదటి దుష్మన్ ఎండ, రెండోది దుమ్ము. మే నెలలో గదిలోనే నలభై డిగ్రీలు ఉంటే, ప్రాసెసర్ మీద తిరిగే చిన్న ఫ్యాను వేడి గాలినే మళ్ళీ మళ్ళీ విసురుతుంటుంది. ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముందొకసారి, వానాకాలం తర్వాతొకసారి, మూత తీసి బ్లోయర్‌తో ఊదుతాను. ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ప్రాసెసర్ మీది పేస్టు ఎండి సుద్దలా అయితే తుడిచి కొత్తది బియ్యపు గింజంత పెట్టాలి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం గలత్.

స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగి, తెర మాత్రం నల్లగా ఉండి, కీక్ కీక్ అని మోగితే చాలామంది మెషీన్ పోయిందనుకుంటారు. చాలాసార్లు ర్యామ్ పట్టీ అంచు మాసి ఉంటుంది, అంతే. కరెంటు వైరు పీకి, ర్యామ్ తీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు రంగు అంచును మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్ళీ పెడితే లేస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఊరూరా రిపేరు షాపుల్లో సీనా బసీనా వచ్చిన ఇల్మ్.

2000 తర్వాత కొన్నేళ్ళలో తయారైన మదర్‌బోర్డులకు ఇంకో బీమారీ ఉంది. అందులో కెపాసిటర్లనే చిన్న డబ్బాలు ఉంటాయి. ఆ రోజుల్లో లోపల పోసే ద్రవం నాసిరకంగా తయారవడంతో లోకమంతా బోర్డులు పెద్దసంఖ్యలో పాడయ్యాయి. డబ్బా తల చదునుగా ఉండాలి, ఉబ్బిందంటే రోజులు దగ్గరపడ్డట్టే. నా బోర్డు మీద నాలుగు ఉబ్బితే మార్పించాను. కొత్త బోర్డు దొరకదు, కానీ ఆ డబ్బాలు ఒక్కొక్కటి కొన్ని రూపాయలే. అతికే చేయి ఉన్న ఉస్తాద్ దొరకడమే కష్టం. ఇప్పటి కుర్రాళ్ళు బోర్డునే మార్చమంటారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఖరాబీ బ్యాటరీది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కంప్యూటర్ తారీఖ్ మరచిపోతుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ మా డబ్బా 2002 జనవరి 1కి వెళ్ళిపోయేది. నవ్వులాటగా ఉంటుంది గానీ నఖ్సాన్ చిన్నది కాదు. పాత ఫైల్ తెరిచి సేవ్ చేస్తే దాని మీద తప్పుడు తారీఖ్ పడుతుంది. రుక్కాలో నిఖా తేదీ ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. పోస్టర్ మీద "వచ్చే జుమ్మా, ఇషా తర్వాత" అని మాత్రమే ఉంటే, అది ఏ సంవత్సరం జుమ్మానో చెప్పేది ఫైల్ తారీఖ్ ఒక్కటే. అందుకే కొన్నాక మొదట సెల్ మార్చాను, తర్వాతే ఫైళ్ళు ముట్టుకున్నాను.

ఇంత మేహనత్ ఎందుకు, ఫైళ్ళను కొత్త ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. కాపీ అవుతాయి. చదవడమే రాదు. పాత ఇన్‌పేజ్ ఫైల్ లోపల ఉన్నది యూనికోడ్ కాదు, దాని సొంత లెక్క. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చెత్త గుర్తులు వస్తాయి. అను ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగు ఫైల్ తెరిచినా అంతే. పాత సాఫ్ట్‌వేర్‌నే కొత్త మెషీన్‌లో ఎక్కిద్దామంటే అదీ అన్నిటికీ కుదరదు. 64 బిట్ విండోస్ మీద 16 బిట్ ఇన్‌స్టాలర్లు కదలనే కదలవు. డబ్బులిచ్చి కొన్న డీటీపీ సాఫ్ట్‌వేర్లు కొన్నిటికి ప్రింటర్ పోర్టులో పెట్టే డాంగిల్ తాళం ఉండేది. ఆ పోర్టు ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు లేదు. తాళం చెవి చేతిలో ఉంది, తలుపే లేదు.

దారి లేదని కాదు. ఇన్‌పేజ్ తర్వాతి వర్షన్లు యూనికోడ్‌కు మారాయి, పాత ఫైళ్ళను మార్చుకోవచ్చు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలూ ఉన్నాయి. జమీల్ నూరీ నస్తాలీఖ్, గూగుల్ వాళ్ళ నోటో నస్తాలీఖ్ లాంటి ఫాంట్లు ఖర్చు లేకుండా దొరుకుతాయి. అయితే మార్చిన తర్వాత ఒక్కొక్క సతర్ చదవాలి. నాకు ఇజాఫత్ జేర్‌లు, హమ్జాలు ఎక్కువగా జారిపోతున్నాయి. తెలుగులో వత్తులు తారుమారవుతాయి. ముఖ్యంగా, మార్చిన కాపీ సరిగ్గా వచ్చిందా అని పోల్చుకోవడానికి అసలు పేజీ అసలు ఫాంటులో తెర మీద కనపడాలి. నా పెంటియం 4 ఇప్పటికీ నడవడానికి కారణం అదే. దానికి ఇంటర్నెట్ లేదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే రక్షణ ఆగిపోయింది కాబట్టి తగిలించను కూడా.

రెండేళ్ళ కిందట కడప నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. పుట్టిల్లు మా పాతబస్తీ. వాళ్ళ అబ్బా షాయర్, వరదకు ముందే ఇంతెఖాల్ అయ్యారు. బయాజ్ వరదలో పోయింది. "భయ్యా, అబ్బా చేతిరాత ఎట్లాగూ రాదు. కనీసం లఫ్జులైనా ఎక్కడైనా ఉంటాయా?" అని అడిగింది. దీవాన్ అచ్చు వేయిద్దామని ఆయన ఒకప్పుడు చిచ్చాతో కంపోజ్ చేయించారట, పైసలు సర్దుబాటు కాక ఆగిపోయింది. డీ డ్రైవ్‌లో వెతికాను. చిచ్చా ఫైళ్ళకు పేర్లు పెట్టే తరీఖా అల్లాకే ఎరుక. న్యూ 1, న్యూ 2, న్యూ న్యూ. మూడు రాత్రులు ఒక్కొక్కటీ తెరిచి చూస్తే, ఒక సిమెంటు దుకాణం బిల్లు పుస్తకం ఫైల్ తర్వాత దొరికింది. 62 గజల్‌లు, కొన్ని రుబాయీలు. ఆఖరి గజల్‌కు మఖ్తా లేదు, కంపోజింగ్ అక్కడ ఆగిపోయింది. ఆమెకు ప్రింటు తీసి, యూనికోడ్ కాపీ ఫోన్‌కు పంపాను. రెండు రోజుల దాకా జవాబు రాలేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజ్, వాళ్ళమ్మీ ఆ గజల్‌లలో ఒకటి చదువుతూ ఉంది.

కాబట్టి మీ ఇంట్లో డీటీపీ పని చేసిన పాత సిస్టమ్ ఉంటే, కబాడీకి ఇచ్చే ముందు కాస్త సబర్ చేయండి. ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని అమాంతం స్విచ్ వేయకండి, పవర్ సప్లయ్ టప్‌మని పేలొచ్చు. ముందు హార్డ్‌డిస్క్ ఒక్కటీ విప్పి తీయించండి. ఐడీఈ డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ కొన్ని వందలకే వస్తుంది. మొత్తం డిస్క్‌ను ఒకేసారి కాపీ తీయించండి, ఫాంట్ల ఫోల్డర్‌తో సహా. ఫాంట్లు లేని ఫైల్ తాళం లేని పెట్టె కాదు, పెట్టె లేని తాళం. డబ్బా మానిటర్ మూత మాత్రం ఎవరూ విప్పకండి, కరెంటు తీసేసినా లోపల షాక్ నిలిచి ఉంటుంది. ఇదంతా అయ్యాక కూడా దాన్ని గల్లీ బండికి కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇస్తే మేలు. రాగి కోసం తీగలు కాల్చే పొగ చివరికి పీల్చేది కూడా మన గల్లీ పిల్లలే.

మా డబ్బాలో ఇంకా చాలా ఫైళ్ళు మిగిలి ఉన్నాయి. జుమ్మా నమాజ్ తర్వాత చిచ్చా వస్తాడు. మోతియాబింద్ ఆపరేషన్ అయినా తెర మీది హర్ఫులు ఆయనకు ఆనవు. నేను సతర్ సతర్ చదువుతాను, ఆయన కళ్ళు మూసుకుని విని ఇజాఫత్ ఎక్కడ తప్పిందో చెబుతాడు. ఇప్పటికి 2006 రంజాన్ రుక్కాల దాకా వచ్చాం.